రెండు మూరలు దాటిన చేప

చైత్ర శుద్ధ ఏకాదశి

పోటు కాలువలోకి తిరగ్గానే పడవ తీశాను. నీటిమట్టం చూపే స్తంభానికి గుల్లలు మళ్లీ పట్టేసి అంకెలు కనబడటం లేదు. కత్తితో గీకి శుభ్రం చేశాను. ఇవాళ తొట్ల షెడ్లకు సెలవు. వారమంతా ఆ తెల్లటి షెడ్లలో, దీపాల వెలుతురులో తొట్టి చేపలకు మేత వేసే మడపేట జనం, సెలవొస్తే చాలు, గాలాలు పట్టుకుని వంతెనల మీదికి వచ్చి వాలిపోతారు. మా మడపేట నీటి మీద గుంజలు పాతి కట్టిన ఊరు. అడుగున ఒకప్పుడు వరిచేలు ఉండేవట. ఇప్పుడు సముద్రం రోజూ వచ్చి పోతుంటుంది. చుట్టూ మడ అడవి.

ఇక్కడ వల వేయకూడదు. పట్టింది అమ్మకూడదు. సరదాకి గాలం వేసుకోవచ్చు. అది కూడా పోటుకు మనిషికి రెండు పండుగప్ప చేపలే. మూర కంటే పొట్టిదైతే వదిలెయ్యాలి. ఇవన్నీ జరిగేలా చూసే కావలి పని నాది. ప్రతి గాలానికీ కొక్కెం పైన ఒక పూస ఉంటుంది. చేప పడగానే అది పొడుగు కొలిచి నా చేతిలో వెలిగే పలకకు చెబుతుంది. పరిమితి దాటితే రీలు బిగుసుకుపోతుంది.

మెరక ఊళ్ల నుంచి సరదాగా వచ్చిన కొత్త దంపతుల రీలు అలాగే బిగుసుకుంది.

"ఇద్దరం కలిసి పట్టింది మూడే కదండీ" అంది ఆ అమ్మాయి.

"మూడూ మీ గాలానికే పడ్డాయమ్మా. ఆయన గాలానికి ఒక్కటీ పడలేదు."

"ఆయనకి పడవండి. పొద్దుటి నుంచి చూస్తున్నాను."

పెళ్లికొడుకు నీళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు. మూడోదాన్ని వదిలించి రీలు విప్పి ఇచ్చాను.

సాయంత్రం, ఈ తీరపు నీళ్లను చూసుకునే జలసభ నుంచి నోటీసు వచ్చింది. మా కాలువ సముద్రంలో కలిసే మొగలో చేపపిల్లల్ని లెక్కపెట్టే గుమ్మం ఉంది. ఏటా భాద్రపదంలో సముద్రం నుంచి పండుగప్ప పిల్లలు దానిగుండా కాలువలోకి వస్తాయి. కొన్నేళ్లుగా ఆ రాక తగ్గిపోతోంది. ఈ భాద్రపదంలో కూడా తాము పెట్టిన హద్దుకు తక్కువైతే, చేపలు దాటి రాకుండా మొగకు అడ్డంగా శబ్దపు తెర దించుతామనీ, ఇక ఈ నీళ్లలో గాలం వేయడం ఉండదనీ రాశారు.

పక్క ఊరు గవ్వలమొగకు ఇలాగే తెర దించారు. అక్కడి జనం ఒక ఏడాది ఓర్చుకున్నారు. ఆ తర్వాత ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. షెడ్డులో పని ఎక్కడైనా దొరుకుతుంది కదా, ఆ ఊళ్లోనే ఉండి ఏం చేస్తారు? పడవలో వెళ్తూ చూస్తే అక్కడ ఇప్పుడు గుంజలే కనిపిస్తాయి, వాటిమీద కొంగలు.

నోటీసు వంతెన మొదట్లో అతికించాను. చదివినవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.


చైత్ర బహుళ తదియ

ఊరి వంటశాలలో భోజనం. అక్కడ వంట చేసేది ఆదెమ్మ పిన్ని. ఎవరు పట్టిన చేపైనా ఆమె కత్తిపీట మీదికే వస్తుంది. ఈ నోటీసు గొడవలో వారం రోజులుగా సరిగా తినలేదు, నోటికి రుచిగా చేపగుడ్లు తినాలనిపించింది.

"పిన్నీ, జన వేపుడు ఉందా?" అన్నాను.

"జన ఎక్కడిదే హంసవేణీ? ఈ ఏడు నా కత్తికి జన తగిలితే ఒట్టు. కోసిన సేపల్లా మగదే."

"అన్నీనా?"

"అన్నీని. మొన్న భైరవం బావ పట్టిన పెద్దదొక్కదాన్లోనే ఉంది. అది ఆయనే తినేసేడు."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను కానీ మింగడం మరిచిపోయాను. పండుగప్ప మగదిగా పుడుతుంది. ఏళ్లు గడిచి బాగా పెరిగాకే ఆడదవుతుంది. మా నియమం ఏం చెబుతోంది? చిన్నదాన్ని వదలండి, పెద్దదాన్ని ఉంచుకోండి అని. దానికి తోడు ఏటా జ్యేష్ఠ పున్నానికి పెద్దచేప పోటీ. అంటే ఏరి ఏరి తల్లుల్నే పట్టి తింటున్నాం.

జలసభలో చేపల డాక్టరు రాగిణిని పలకలో పిలిచాను. మా కాలువకు ఆమే బాధ్యురాలు. నేను చెప్పింది విని చాలాసేపు తన తెర మీద ఏదో చూసుకుంది.

"మీరన్నది నిజమే అనిపిస్తోంది" అంది. "నియమం రాసినప్పుడు కాలువలో పెద్దవి చాలా ఉండేవి, ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. పైకొలత కూడా పెట్టాలి. రెండు మూరలు దాటితే ఉంచుకోకూడదు."

"అయితే నియమం మార్చండి."

"నేను మార్చలేనండీ. ఊరి సభ ఒప్పుకోవాలి. ఊరు ఒప్పుకుంటే ఈ ఏటి గుడ్లకు తల్లులు మిగులుతాయి, భాద్రపదం లెక్క మారొచ్చు."

ఊరు ఒప్పుకోవాలంటే భైరవమూర్తి మామయ్య ఒప్పుకోవాలి.


చైత్ర బహుళ సప్తమి

పెద్దచేప పోటీ ఏడుసార్లు గెలిచిన మనిషి ఆయన. బతుకంతా షెడ్డులో తొట్లు కడిగాడు. అత్త పోయాక ఆయనకు ఉన్నదల్లా ఆ గాలం ఒక్కటే. వెంట్రుకంత సన్నటి తంగూసు దారంతో, పడవంత చేపను పూటంతా ఆడించి అలసగొట్టి పట్టడం ఆయన గొప్ప. ఆయన వేటకు దిగితే ఊరంతా వంతెన మీద నిలబడి చూస్తుంది. నేనూ చూస్తాను.

నా మాట పూర్తికాకుండానే నవ్వాడు.

"ఏటమ్మా, పెద్దదాన్ని వదిలేసి సిన్నదాన్ని వండుకోమంటావా? నీకు కావలి పని ఎవరిచ్చేరు?"

"నువ్వే కదా మామయ్యా సభలో చెయ్యెత్తింది."

"ఆయ్, ఎత్తేను. ఇప్పుడు దింపుకోడానికి లేదు గదా."

ఆయన వసారాలో గోడనిండా పండుగప్ప దవడలు వేలాడుతుంటాయి, గెలిచిన ఏటికొకటి. నేను వాదించలేదు. లేచి వెళ్లి మొదటి దవడలో చెయ్యి పెట్టాను. రెండు చేతులూ పట్టాయి. రెండోదానిలోనూ పట్టాయి. అలా గోడ వెంట నడుచుకుంటూ వెళ్లాను. నాలుగోదానిలో ఒక చెయ్యే పట్టింది. నిరుటి దవడలో పిడికిలి ఇరుకుగా దూరింది.

మామయ్య నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి తానే ఆ చివరి దవడను తడిమి చూశాడు.

"నా సెయ్యి ముదురుతుందనుకున్నాను" అన్నాడు. "ఏటేటా సేప తేలిగ్గా వచ్చేత్తంది. నా పనితనం అనుకున్నాను."

నేను వచ్చేశాను.


వైశాఖ శుద్ధ విదియ

ఊరి సభ. నేను చెప్పాను, రాగిణి పలకలోంచి చెప్పింది. గొణుగుడు మొదలైంది. పోటీ లేని జ్యేష్ఠం జ్యేష్ఠమేనా అని ఎవరో అన్నారు. అప్పుడు భైరవం మామయ్య లేచాడు.

"పోటీ ఉంటాది. కొలిసి వదిలేద్దారి. ఈ ఒక్క ఏడూ సూద్దారి" అన్నాడు.

ఆయనే అన్నాక ఇంకెవరు కాదంటారు? చేతులన్నీ లేచాయి. పూసలకు కొత్త పైకొలత ఆ సాయంత్రమే నేర్పాను. ఇక రెండు మూరలు దాటితే పూస ఎర్రగా వెలుగుతుంది.

ఆ ఉత్సాహంలో ఇంటికి పాడుకుంటూ వెళ్లాను. నాకు పాట రాదు. పక్కింటివాళ్లు కిటికీ వేసుకున్నారు.


వైశాఖ శుద్ధ ద్వాదశి

చాలా చెడ్డ రోజు. పాటుకు నీళ్లు తీశాక మడ వేళ్ల మధ్య పెద్ద పండుగప్ప ఒకటి వెల్లకిలా తేలి ఉంది. నోటి పక్కన కొక్కెం గాటు. ముందురోజు వంతెన దగ్గర వదిలిన చేపే అది. ఇంకొంచెం ముందుకు వెళితే మరొకటి. ఆపైన మరొకటి.

నేను ఊళ్లోకి వచ్చేసరికే భైరవం మామయ్య ఒకదాన్ని భుజాన వేసుకుని వచ్చి నా గది గుమ్మంలో పడుకోబెట్టాడు. వెనకే పదిమంది.

"నీ రూలు ఇదిగో" అన్నాడు. "ఇంతకు ముందు సంపి తినేవోళ్లం. ఇప్పుడు సంపి పారేత్తన్నాం. దేనికమ్మా?"

చేప కడుపు ఉబ్బుగా ఉంది. జన. అందరూ అదే చూస్తున్నారు. జనం వెళ్లిపోయారు. ఒకరిద్దరు నియమం వెనక్కి తీసేయమని గట్టిగానే అన్నారు.

మామయ్య మాత్రం వెళ్లలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఎందుకు చచ్చాయి మామయ్యా? ఈదుకుంటూ వెళ్లడం నేను చూశాను."

"ఎల్లినట్టు ఎల్తాది. పూటంతా పీకితే దాని ఒంట్లో ఏటుంటాది? నువ్వు కొండెక్కి దిగినాక నోరు మూసి కూకోబెడితే బతుకుతావా?" చేప నోటి గాటు మీద వేలు పెట్టాడు. "సన్న తంగూసు. అదే సంపుతంది. తాడు తెగిపోద్దని గంటలకి గంటలు ఆడిత్తాం గదా."

ఆ సన్న తంగూసు ఈ ఊరికి నేర్పింది ఆయనే. ఆయన చేతులు చూసుకుంటున్నాడు.

"మరి వదిలినా బతికేలా పట్టడం ఎవరికైనా వచ్చా?" అని అడిగాను.

"ఎవరికీ రాదు. ఎవరికి కావాలి ఇప్పటిదాకా?"

"నీకు వస్తుంది, నేర్చుకుంటే."

ఆయన నావైపు కొంచెం చిరాగ్గా చూసి, చేపను మళ్లీ భుజానికెత్తుకుని వంటశాలకు తీసుకెళ్లాడు.


వైశాఖ బహుళ పంచమి

అయిదారు రోజులుగా మామయ్యా నేనూ పొద్దున్నే మొగ దగ్గర మడుగులో ఉంటున్నాం. లావు తంగూసు, చేప వచ్చేదేదో త్వరగా వచ్చేయాలని. కొక్కెం ముల్లును ఆకురాయితో అరగదీసి నున్నగా చేశాడు, నోరు చీరకుండా ఊడిరావాలని. నీళ్లలోంచి పైకి ఎత్తడం లేదు. మెడలోతు నీళ్లలో దిగి, కడుపు కింద ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి వేసి, తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటాడు. నీళ్లు మొప్పల్లోకి పోయి ఊపిరి తిరుగుతుందట.

"ఎంతసేపు పట్టుకోవాలి?" అని అడిగాను.

"అది సెప్పేదాకా. తోకతో ఒక్కటిత్తాది సూడు మొహాన, అప్పుడు వదలాలి."

రాగిణి చిన్న జాడపూసలు పంపింది. వదిలేముందు వీపు రెక్క మొదట్లో గుచ్చుతున్నాం. చేప కదిలితే నా పలక మీద చుక్క కదులుతుంది. మొన్న వదిలిన మొదటి చేప చుక్క కదల్లేదు. మామయ్య ఆ పూట అన్నం తినలేదు. ముల్లు ఇంకా అరగదీశాడు, తంగూసు ఇంకా లావుది కట్టాడు.

ఈ ఉదయం ఆయన మెట్టు మీద కూర్చుని ఉండగా పలక చూశాను. నిన్న వదిలిన చేప చుక్క మడుగులో లేదు. మొగ దాటి, సముద్రపు వార వెంట ఉత్తరంగా పోతోంది.

పలక ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు లేవు, దూరంగా పెట్టి చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"కదులుతుందే."

"పొద్దుటి నుంచి కదుల్తూనే ఉంది మామయ్యా."

ఆయన పలకను తిరిగి ఇవ్వలేదు. వీధి పొడుగునా ప్రతి ఇంటికీ తీసుకెళ్లి చూపించాడు. మధ్యాహ్నానికి వంటశాల ముందు ఆకురాళ్లు పెట్టుకుని ఊరంతా కొక్కేలు అరగదీస్తున్నారు. చెవులు చిల్లులు పడే చప్పుడు. అంతకంటే మంచి చప్పుడు నేను వినలేదు.


జ్యేష్ఠ పున్నమి

పోటీ. ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను.

కొత్త పద్ధతి ఇదీ. చేప నీళ్లలోనే ఉండాలి. పడవ పక్కన నిమ్మళంగా నిలిపి పూసతో కొలిచిందే పోటీ కొలత. తర్వాత అది తనంతట తాను ఈదుకుంటూ వెళ్లిపోవాలి. వెళ్తేనే లెక్క. పున్నమి పోటు కాబట్టి నీళ్లు వంతెన పలకల దాకా వచ్చాయి. పడవలు కాలువ పొడుగునా బారులు తీరాయి. గాలం పట్టగలిగినవాళ్లంతా నీళ్లమీదే ఉన్నారు. ఆదెమ్మ పిన్ని కూడా వంటశాల మూసేసి గాలం పట్టుకుని వచ్చింది.

"ఇన్నేళ్లూ కోసేను గదా, ఒక్కసారి పడతాను" అంది.

ఎండ ఎక్కేసరికి చిన్నా పెద్దా చాలా పడ్డాయి, చాలా వదిలాం. ఆదెమ్మ పిన్నికి రెండు మూరల మీద జానెడు చేప పడింది. ఆమె దాన్ని పట్టుకున్న తీరు చూడాలి, బాలింత పసిబిడ్డకు నీళ్లు పోసినట్టుంది. అది తోకతో కొట్టి పోగానే మొహం తుడుచుకుని "పో, పో, సంసారం సూసుకో" అంది. వంతెన మీద జనం ఒకటే నవ్వు.

నీళ్లు తిరిగి పాటు మొదలైనప్పుడు భైరవం మామయ్య గాలం వంగింది. వంగడం కాదు, కర్ర కొస నీళ్లలో మునిగింది. చేప ఒక్కసారి పైకి ఎగిరింది. ఆయన వసారాలో మొదటి దవడ ఏ చేపదో, అంతటి చేప అది. అంతటివి ఇంకా ఉన్నాయని మాలో ఎవరికీ తెలియదు.

లావు తంగూసే. త్వరగానే రావాల్సింది. కానీ అది పక్కకు దూసుకెళ్లి మడ వేళ్లలో దూరింది. తాడు వేళ్లకు చుట్టుకుంది. మామయ్య కర్రను పడవలో పడేసి నీళ్లలోకి దిగాడు. వేళ్ల మధ్య మునిగీ తేలుతూ చుట్లు విప్పుతున్నాడు. నేను పడవను దగ్గరికి చేర్చేసరికి కొక్కెం ఊడదీసి చేపను బయటికి తెచ్చాడు. మోచేతులు గీరుకుపోయి నెత్తురు వస్తోంది.

"అలిసిపోయింది అమ్మాయ్" అన్నాడు. "మొప్ప ఆడట్లేదు."

"కొలవవా?" పైనుంచి ఎవరో అరిచారు. నిలిపి కొలిస్తే పోటీ ఆయనదే. ఎనిమిదోసారి.

"కొలతా లేదు గిలతా లేదు" అన్నాడు ఆయన. "పడవ ఇటు తే."

పున్నమి పాటు కదా, కాలువలో నీళ్లు చూస్తుండగానే దిగిపోతున్నాయి. అక్కడే నిలబడితే కాసేపటికి బురదలో ఉంటాం. చేపకు కావలసింది లోతు నీళ్లు, మొప్పల్లోకి వచ్చే ప్రవాహం. ఆయన ఒక చేత్తో నా పడవ అంచు పట్టుకున్నాడు, రెండో చెయ్యి చేప కడుపు కింద వేశాడు. నేను మోటారును అతి నెమ్మదిగా నడిపాను. చేప మా పక్కన, నోరు కొద్దిగా తెరిచి, నీళ్లను మింగుతూ వస్తోంది.

ముందు కాలువ నిండా గాలాలే. అన్ని తాళ్ల మధ్య నుంచి ఎలా పోవాలో నాకు తోచలేదు. అంతలో ఆదెమ్మ పిన్ని లేచి నిలబడి తన గాలం పైకి లాగేసింది. పక్క పడవ వాళ్లూ లాగేశారు. ఆ పక్కవాళ్లూ. మేం ఇంకా వాళ్ల దాకా చేరకముందే, వంపు తిరిగి మొగ దాకా, ఒకదాని తర్వాత ఒకటిగా తాళ్లన్నీ నీళ్లలోంచి లేచిపోయాయి. పోటీ మధ్యలో, ఎవరూ చెప్పకుండానే. పడవలు రెండు వైపులా ఒడ్డుకు ఒరిగి దారి ఇచ్చాయి. ఊరంతా నిలబడి ఉంది. మోటారు గొణుగుడు తప్ప మరో చప్పుడు లేదు.

"ఆడుతుందా?" అని అడిగాను వెనక్కి తిరక్కుండా.

"సన్నంగా."

ఇంకొంత దూరం వెళ్లాక మళ్లీ అడిగాను. తిరిగి చూస్తే ఆయన చెవి చేప మొప్ప దగ్గర పెట్టినట్టుగా వంగి ఏదో మాట్లాడుతున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. నీళ్లలో దిగి అప్పటికే చాలాసేపయింది, అరవై దాటిన మనిషి.

"పైకి రా మామయ్యా, నేను దిగుతాను."

"నువ్వు నడుపు."

గుమ్మం దాటి మడుగులోకి వచ్చాం. అక్కడ సముద్రపు నీరు చల్లగా, బరువుగా తగిలింది. మోటారు ఆపేశాను. ఆయన అంచు వదిలేసి రెండు చేతులూ చేప కింద వేసి నిలబడ్డాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు, ఆయన మొహమే చూస్తున్నాను.

పడవ పక్కనంతా నీళ్లు ఒక్కసారిగా లేచాయి. నాకు కళ్లు కనిపించలేదు. తుడుచుకుని చూస్తే మామయ్య వెనక్కి పడి నీళ్లు మింగి దగ్గుతున్నాడు, చేతులు ఖాళీగా ఉన్నాయి. మొహాన తోక దెబ్బ ఎర్రగా తేలింది.

"సెప్పింది" అన్నాడు. "గట్టిగా సెప్పింది."

వెనకనుంచి వచ్చిన అరుపు మొగ దాకా వినిపించింది. పడవలన్నీ మామీదికి వచ్చేశాయి. ఆయన్ని ఎవరు పైకి లాగారో, ఎవరు తువ్వాలు చుట్టారో తెలియదు. పోటీ నియమం ప్రకారం కొలవని చేప లెక్కలోకి రాదు. బహుమతి ఆదెమ్మ పిన్నికి వచ్చింది. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని వంతెన ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. అయితే ఊరు భుజాల మీద మోసింది మాత్రం భైరవం మామయ్యను. ఆయన దింపమని తిడుతూనే ఉన్నాడు.


శ్రావణ శుద్ధ నవమి

వాన. కాలువ తియ్యనీళ్లతో ఎర్రగా పారుతోంది. వేట మూసేసే రోజులు ఇవి, చేపలు గుడ్లు పెట్టే కాలం. వంతెనల మీద ఎవరూ లేరు. పడవకు కొత్త తారు పూశాను.

మధ్యాహ్నం రాగిణి పిలిచింది. "పలక చూశారా?" అంది. జాడపూసల చుక్కలు, వారాల తరబడి సముద్రం పొడుగునా చెదిరి ఉన్నవి, మా మొగ బయటికి వచ్చి గుమిగూడాయి. జ్యేష్ఠంలో ఆ పెద్దదానికి పూస గుచ్చే తీరిక మాకు లేకపోయింది. అది వచ్చిందో లేదో చెప్పలేం. మిగతావి చాలా వచ్చాయి. మామయ్యకు చూపించాను.

"పురిటికి పుట్టింటికొచ్చేయి" అన్నాడు.


భాద్రపద అమావాస్య

నిద్ర పట్టక తెల్లవారకముందే లేచాను. రాగిణి స్వయంగా వచ్చింది. పలకలో కంటే పొట్టిగా ఉంది, మాట మాత్రం అదే. ఊరంతా మొగ దగ్గరికి వస్తామంటే ఆమె వద్దనలేదు, చప్పుడు చేయొద్దంది. సూర్యుడు పైకి వచ్చాక పోటు తిరిగింది.

గుమ్మం పైన అంకెల పలక ఉంది. మొదట చాలాసేపు అది కదల్లేదు. రొయ్యపిల్లలు, ఆకులు, నురగ. తర్వాత ఒకటి. ఆగింది. మరో రెండు. రాగిణి నావైపు చూడలేదు.

ఆ తర్వాత నీటి రంగు మారింది. మొగ అడుగున ఎవరో నల్లటి గుడ్డ పరిచి లోపలికి లాగుతున్నట్టు అనిపించింది. వంగి చూస్తే అవి పిల్లలు. గోరంత పండుగప్ప పిల్లలు, నుదుటి నుంచి వీపు మీదుగా తెల్లటి గీతతో, పక్కపక్కనే తోసుకుంటూ వస్తున్నాయి. అంకెలు చదవడానికి వీల్లేనంత వేగంగా తిరిగాయి. నోటీసులోని హద్దు ఎప్పుడు దాటిందో ఎవరం చూడలేదు. కాసేపటికి పలక చివరి అంకె దాకా వెళ్లి, మళ్లీ సున్నాకు వచ్చి మొదలుపెట్టింది.

"ఇది పాడైందా?" అని ఆదెమ్మ పిన్ని గుసగుసగా అడిగింది.

"లేదండీ" అంది రాగిణి. అంకెల మీంచి కళ్లు తిప్పలేదు. "ఇంత లెక్క వస్తుందని దీన్ని చేసినవాళ్లు అనుకోలేదు."

చప్పుడు చేయొద్దన్న మాట అందరికీ గుర్తుంది. అందుకని ఎవరూ అరవలేదు. పడవల్లో నిలబడి ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. నాకు తెలియకుండానే నేను ఏడుస్తున్నాను. భైరవం మామయ్య చెయ్యి నీళ్లలో పెట్టి ఉంచాడు. పిల్లలు ఆయన వేళ్ల సందుల్లోంచి ఊళ్లోకి పోతున్నాయి.


ఆశ్వయుజ శుద్ధ పంచమి

జలసభ ఆదేశం వచ్చింది. మా మొగకు తెర లేదు. కాలువలో గాలం వేసుకోవచ్చు. మూరకు తక్కువదీ, రెండు మూరలు దాటిందీ వదలాలి. ముల్లు లేని కొక్కెం, లావు తంగూసు. పోటు తగిలే నీళ్లన్నింటికీ ఇకమీదట ఇదే నియమమనీ, గవ్వలమొగ తెర ఎత్తేస్తున్నామనీ చివర రాశారు. రాగిణి ఆ వాక్యం కింద తనే ఒక గీత గీసి పంపింది.

వంతెన మొదట్లో అతికించాను. ఈసారి చదివినవాళ్లు మాట్లాడకుండా ఉండలేదు. సందడికి కొంగలు లేచిపోయాయి.


కార్తిక శుద్ధ తదియ

ఇవాళ పొద్దున దక్షిణం వైపు నుంచి పడవలు వచ్చాయి. సామాన్లతో, కుండలతో, కోళ్ల గంపలతో ఉన్నాయి. గవ్వలమొగ వాళ్లు. ఊరికి తిరిగి వెళ్తూ దారిలో మా దగ్గర ఆగారు. తెర ఉన్న ఏళ్లలో వాళ్ల చేతులకు గాలం అలవాటు తప్పింది. పెద్దచేపను వదలడం అసలే తెలియదు. నేర్పమని అడగడానికి వచ్చారు.

భైరవం మామయ్య మొలలోతు నీళ్లలోకి దిగాడు. చేప అప్పుడే ఎక్కడ దొరుకుతుంది? వంటశాల నుంచి పొడుగాటి మొద్దు ఒకటి తెప్పించి చేతుల మీద పడుకోబెట్టుకున్నాడు. గవ్వలమొగ వాళ్లు ముసలీ ముతకా అందరూ చీరలు, పంచెలు ఎగ్గట్టి ఆయన చుట్టూ నీళ్లలో నిలబడ్డారు. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో తెడ్లు, ఒకామె చేతుల మీద చుట్టిన చాప.

ముందు అంతా ఒకసారి చేసి చూపించి, "తల ఎటుండాలి?" అని అడిగాడు.

"పోటుకి ఎదురు" అన్నారు అందరూ.

"ఎప్పుడు వదలాలి?"

"అది సెప్పేదాకా వదలకూడదు."

"అయితే పట్టుకోండి" అన్నాడు.

పోటు లోపలికి వస్తోంది. మా వాళ్లూ దిగి వాళ్ల పక్కన చేరారు. రెండు ఊళ్ల జనం నీళ్లలో నిలబడి, మొద్దులూ తెడ్లూ చాపలూ చేతుల మీద మోస్తూ, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. నేను పడవ మోటారు ఆపేసి, నీళ్లు కదలకుండా ఒడ్డునే నిలిపాను.